కొండదారికి ఉపగ్రహాల కొలబద్ద

మీ ఊరి పక్కన ఒక కొండ ఉందనుకోండి. సెలవుల్లో మిత్రులతో కలిసి దాన్ని ఎక్కారు. పైకి వెళ్ళే కాలిబాటలో ఒకచోట వర్షపు నీరు మోకాలి లోతున గాడి కోసేసింది. మరోచోట పెద్ద చెట్టు కూలి అడ్డంగా పడి ఉంది. కిందికి దిగాక అటవీ ఉద్యోగికి ఈ సంగతి చెప్పారు. "ఎక్కడ?" అని ఆయన అడిగారు. "రెండో మలుపు దాటాక, పెద్ద బండ పక్కన" అన్నారు మీరు. ఆ కొండమీద మలుపులెన్నో, బండలెన్నో! మీరు చెప్పింది నిజమే అయినా, పార పట్టుకుని బయలుదేరే మనిషికి అది చాలదు.

వైద్యుడికి నొప్పి ఎక్కడుందో చెప్పినట్లే, బాటను బాగుచేసేవారికి అది ఎక్కడ దెబ్బతిన్నదో కచ్చితంగా చెప్పాలి. ఈ పనికి ఇప్పుడు ఉపగ్రహాలు తోడ్పడుతున్నాయి. ఎలాగో చూద్దాం.

సైకిలు చక్రంతో మొదలు

అమెరికా తూర్పు భాగంలో అప్పలేచియన్ పర్వతశ్రేణి మీదుగా ఒక కాలిబాట ఉంది. జార్జియా రాష్ట్రంలో మొదలై మెయిన్ రాష్ట్రంలో ముగుస్తుంది. మొత్తం 14 రాష్ట్రాలు దాటుతుంది. పొడవు 3,500 కిలోమీటర్లకు పైమాటే. దీన్ని బెంటన్ మెకాయ్ అనే ఆయన 1921లో ప్రతిపాదించాడు. 1937 నాటికి బాట ఈ చివరి నుంచి ఆ చివరి వరకు పూర్తయింది. నేటికీ దీని పాలన పోషణ చాలావరకు 30 వరకు ఉన్న స్వచ్ఛంద సంఘాల చేతుల్లోనే ఉంది.

ఇంత పొడవైన బాటను తొలిరోజుల్లో ఎలా కొలిచారో తెలుసా? సైకిలు చక్రంతో! ఈ బాట నిర్మాణానికి నాయకత్వం వహించిన మైరన్ ఏవరీ, చక్రం బిగించిన కొలత పరికరాన్ని తోసుకుంటూ కొండలు ఎక్కి దిగాడు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తే దూరం తెలుస్తుంది. ఈ పద్ధతి దూరానికి మంచిదే. కాని చక్రానికి దిక్కు తెలియదు. బాట ఎటు తిరిగిందో, పటంలో ఏ గీత మీద ఉందో అది చెప్పలేదు. పైగా కూలిన చెట్ల వల్లో, కోత వల్లో బాటను కొంత పక్కకు మార్చినప్పుడల్లా పాత లెక్కలు తప్పిపోతాయి. అప్పలేచియన్ బాట పొడవు నేటికీ ఏటేటా కొద్దిగా మారుతూనే ఉంటుంది. తర్వాతి కాలంలో చక్రానికి తోడుగా జి.పి.ఎస్. పరికరం వచ్చింది.

ఆకాశంలో గడియారాలు

జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. ప్రపంచంలో ఎక్కడైనా ఈ వ్యవస్థ పనిచేయడానికి కనీసం 24 ఉపగ్రహాలు కావాలి. 1995లో ఈ వ్యవస్థ పూర్తి స్థాయికి చేరింది. ప్రతి ఉపగ్రహంలోనూ పరమాణు గడియారాలుంటాయి. "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు ఫలానా సమయం" అని ఉపగ్రహం రేడియో తరంగాల ద్వారా చాటుతూ ఉంటుంది. మీ చేతిలోని పరికరం ఆ సంకేతాన్ని అందుకుని, అది ఎంతసేపు ప్రయాణించిందో లెక్కిస్తుంది. రేడియో తరంగాల వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. వేగాన్ని కాలంతో గుణిస్తే దూరం వస్తుంది.

ఇలా మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మీరున్న చోటు తెలియాలి కదా! మరి నాలుగోది ఎందుకు? మీ పరికరంలోని గడియారం చౌకది. అది సెకనులో పది లక్షలవ వంతు తప్పినా దూరం 300 మీటర్లు తప్పుతుంది. కాబట్టి అక్షాంశం, రేఖాంశం, ఎత్తు అనే మూడింటితో పాటు మన గడియారపు తప్పు కూడా తెలియని రాశే. నాలుగు తెలియని రాశులకు నాలుగు సమీకరణాలు కావాలి. అందుకే కనీసం నాలుగు ఉపగ్రహాలు కనిపించాలి.

అడవిలో చిక్కులు

ఆరుబయట ఆకాశం కనిపించే చోట మామూలు ఫోను కూడా దాదాపు 5 మీటర్ల తేడాలో చోటు చెప్పగలదు. అడవిలో అలా కాదు. అప్పలేచియన్ బాటను నడిచేవాళ్ళు దాన్ని ముద్దుగా "ఆకుపచ్చ సొరంగం" అంటారు. ఎంతో దూరం నుంచి వచ్చే సంకేతం అసలే బలహీనమైనది. తడి ఆకులు, కొమ్మలు దాన్ని మరింత నీరసపరుస్తాయి. రాతి గోడలకు తగిలి ప్రతిఫలించిన సంకేతం చుట్టుదారిన వస్తుంది. ప్రయాణం ఎక్కువైంది కాబట్టి ఉపగ్రహం ఇంకా దూరంగా ఉందని పరికరం పొరబడుతుంది. ఇవికాక పై వాతావరణంలోని ఐనోస్ఫియర్ పొర కూడా సంకేతాన్ని ఆలస్యం చేస్తుంది.

1990లలో మరో చిక్కు ఉండేది. అమెరికా సైన్యం పౌరుల కోసం ఇచ్చే సంకేతాల్లో కావాలనే తప్పు కలిపేది. దానివల్ల చోటు 100 మీటర్ల దాకా తప్పేది. పక్కపక్కనే రెండు బాటలుంటే మీరు దేని మీద ఉన్నారో తెలిసేది కాదు! 2000 మే నెలలో ఆ తప్పును తొలగించారు.

తప్పును సరిదిద్దే ఉపాయం ఆనాడే ఉంది. కచ్చితంగా తెలిసిన చోట ఒక పరికరాన్ని స్థిరంగా ఉంచుతారు. తానున్న చోటు దానికి తెలుసు. ఉపగ్రహాలు చెప్పే చోటుతో పోల్చి, ఆ క్షణాన తప్పు ఎంతో కనుక్కుంటుంది. బాటమీద నడిచే పరికరం కొలతల నుంచి అదే తప్పును తీసివేస్తారు. ఐనోస్ఫియర్ వల్ల వచ్చే దోషం రెండు చోట్లా దాదాపు ఒకటే కాబట్టి ఇది ఫలిస్తుంది. మన దేశంలో విమానాల కోసం నెలకొల్పిన గగన్ వ్యవస్థ మూల సూత్రం కూడా ఇలాంటిదే. అయితే పక్కనున్న రాతి గోడ వల్ల వచ్చే తప్పు ఆ ఒక్క చోటికే పరిమితం. దాన్ని ఈ ఉపాయం సరిచేయలేదు. అందుకే సర్వే చేసేవారు ఆకులు రాలే కాలాన్ని ఎంచుకోవడం, ఒకే బాటను పలుమార్లు నడిచి సగటు తీయడం వంటివి చేస్తారు.

పొడవులోనూ ఒక చిత్రం ఉంది. మీరు చెట్టు కింద అరగంట కూర్చున్నా, కొలతలు అటూ ఇటూ ఊగడం వల్ల మీరు కొంత దూరం నడిచినట్లు పరికరం నమోదు చేస్తుంది. బాట పొడవు పెరిగిపోతుంది. అలాగని 50 మీటర్లకొక బిందువు మాత్రమే తీసుకుంటే, మెలికల దారిలో మలుపులన్నీ కోసుకుపోయి పొడవు తగ్గిపోతుంది.

చోటు సరే, స్థితి మాటేమిటి?

ఒక విషయం గుర్తుంచుకోండి. ఉపగ్రహానికి మీ కాళ్ళ కింది గాడి కనిపించదు. అది చెప్పేది "ఎక్కడ" అన్నదే. "ఏమిటి", "ఎంత" అన్నవి మనిషి చూసి నమోదు చేయాలి. ఇందుకు ముందే ఒక పట్టిక తయారుచేసుకుంటారు. కూలిన చెట్టు, విరిగిన గుర్తుపలక, పూడిన తూము వంటివి బిందువులు. బురద నేల, కోతపడిన భాగం వంటివి గీతలు. వాటికి మొదలు, చివర రెండూ నమోదు చేస్తారు.

కోతను కొలిచే పద్ధతి చాలా సులువు. బాటకు అడ్డంగా, పాత నేలమట్టానికి ఒక తాడు బిగించి కడతారు. తాడు నుంచి నేలకు ఎంత లోతుందో పలుచోట్ల కొలుస్తారు. ఉదాహరణకు గాడి వెడల్పు 60 సెంటీమీటర్లు, సగటు లోతు 20 సెంటీమీటర్లు అనుకుందాం. అడ్డుకోత వైశాల్యం 0.12 చదరపు మీటర్లు. ఇలా 100 మీటర్ల పొడవునా ఉంటే పోయిన మట్టి 12 ఘనమీటర్లు! మూడు ఘనమీటర్లు పట్టే ట్రాక్టర్ ట్రక్కులకు నాలుగు లోడ్లు. ఆ మట్టి ఎక్కడికి పోయింది? కింద వాగులోకి.

మరి ఈ కోత ఎందుకు వస్తుంది? అడుగుల తాకిడికి గడ్డి చచ్చి నేల గట్టిపడుతుంది. నీరు ఇంకదు, పారుతుంది. బాట కొండవాలుకు నిటారుగా ఉంటే అదే వాగవుతుంది. వాలుకు అడ్డంగా సాగే బాట మీద నీరు ఒక పక్కకు జారిపోతుంది. చదునైన చోట సమస్య వేరు. నీరు నిలిచి బురదవుతుంది. బూట్లు తడవకుండా ప్రతివాళ్ళూ అంచు మీంచి నడుస్తారు. ఏడాదికేడాది బాట వెడల్పవుతూ పక్కనున్న మొక్కల్ని మింగేస్తుంది. అంటే బాటను ప్రేమించే పాదాలే దాన్ని పాడుచేస్తున్నాయన్నమాట!

ఈ వివరాలన్నీ కంప్యూటర్లో సమోన్నత రేఖల పటం మీద పరిస్తే అసలు కారణం బయటపడుతుంది. కోతపడిన భాగాలు ఎక్కువగా నిటారు వాలుల మీదే ఉన్నాయనుకోండి. అక్కడ ఎన్నిసార్లు మట్టి పోసినా లాభం లేదు, బాటనే మార్చాలి. తూము ఒక్కటి పూడితే పార చాలు. ఉన్న కొద్దిమంది కార్యకర్తల శ్రమ ఎక్కడ వెచ్చించాలో పటం చెబుతుంది.

2024 సెప్టెంబరులో హెలీన్ తుఫాను అప్పలేచియన్ బాట దక్షిణ భాగాన్ని దెబ్బతీసింది. వేలాది చెట్లు కూలాయి. టెనెస్సీ రాష్ట్రంలో నోలిచకీ నదిపై బాట దాటే వంతెన కొట్టుకుపోయింది. అలాంటప్పుడు ఏ భాగం మూసివేయాలో, రంపాలతో ఎవరు ఎటు వెళ్ళాలో తేల్చడానికి పాత పటం, కొత్త కొలతలు రెండూ అవసరమే. నడిచేవాడి ప్రాణరక్షణ కూడా ఇందులో ఇమిడి ఉంది.

మీరూ చేసి చూడండి

నేడు జి.పి.ఎస్. ఒక్కటే కాదు. రష్యా, ఐరోపా, చైనా వ్యవస్థలతో పాటు మన నావిక్ కూడా ఉంది. దాని మొదటి ఉపగ్రహాన్ని 2013 జులై 1న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు.

ముందుగా మీ పాఠశాల మైదానంలో ఒకచోట కదలకుండా నిలబడి, పది నిమిషాల పాటు నిమిషానికొకసారి ఫోను చూపే అక్షాంశం, రేఖాంశం రాసుకోండి. ఒక డిగ్రీ అక్షాంశం సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి దశాంశ బిందువు తర్వాత ఐదో అంకెలో ఒకటి తేడా వస్తే దాదాపు ఒక మీటరు. మీ బిందువులు ఎంత మేర చెదిరాయో గ్రాఫు కాగితం మీద గుర్తించండి. తర్వాత అదే ప్రయోగం పెద్ద మర్రిచెట్టు కింద చేయండి. రెండింటినీ పోల్చండి.

ఆపైన ఊరి చివర గుట్ట మీది బాటను, పెద్దల తోడుతో, టేపు, తాడు, పుస్తకం పట్టుకుని నడవండి. వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి అవే చోట్ల కొలవండి. ఎన్ని లోడ్ల మట్టి కొట్టుకుపోయిందో మీకే తెలుస్తుంది. ఈసారి "ఎక్కడ?" అని ఎవరైనా అడిగితే వేలు చూపనక్కర్లేదు, అంకెలు చెప్పండి.