వాకిట్లో కారు... నెత్తిన వాయిదా!

ఒకప్పుడు ఇంటి ముందు ఎడ్లబండి ఉంటే మోతుబరి అనేవారు. తర్వాత ఆ చోట మోటారు సైకిలు నిలిచింది. ఇప్పుడు కారు వంతు వచ్చింది. నాలుగెకరాల రైతు సైతం కారు బేరం చేస్తున్నాడు. ఇదంతా దర్జా కోసమే అనుకుంటే పొరపాటు. వేళకు బస్సు రాకపోవడమే చాలా ఇళ్లలో అసలు కారణం.

కానీ లెక్క చూస్తే గుండె గుభేలుమంటుంది. 5 లక్షల రూపాయలు 9 శాతం వడ్డీకి ఐదేళ్ల గడువుతో అప్పు తెస్తే నెలకు సుమారు 10,380 రూపాయలు వాయిదా కట్టాలి. గడువు ముగిసేసరికి కట్టేది 6 లక్షల 22 వేల పైచిలుకు. బీమా, పెట్రోలు, రిపేర్లు అదనం. పంట డబ్బు చేతికొచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు. వాయిదా మాత్రం నెలనెలా తలుపు తడుతుంది. వాన మొహం చాటేసిన ఏడు ఆ వాయిదాకు మళ్లీ అప్పే గతి.

అదే కుటుంబం పెళ్లికో పేరంటానికో నెలకు రెండుసార్లు, 2,500 చొప్పున బాడుగ కారు పెట్టుకుందనుకున్నా 5 వేలతో సరి. కారు వాకిట్లో ఎండకు ఎండుతూ కూర్చునే రోజులకు పైసా కట్టనక్కర లేదు.

నడిరేయి ప్రాణం మీదికొస్తే ఎలా అన్నది ఇంటి పెద్దల భయం. ఆ భయంలో న్యాయం ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఇలాంటి ఆపదకే ఉంది. ఫోన్ చేస్తే ఉచితంగా ఆస్పత్రికి చేరుస్తుంది.

మిగతా ప్రయాణాలకు పల్లెవెలుగు ఉండనే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆడవారికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సహా ఐదు రకాల బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపితే చాలు. చదువుకునే పిల్లలకు రాయితీ పాసులున్నాయి. ఇక టికెట్ కొనవలసింది ఇంట్లో మగవారే.

అయితే బస్సే రాని ఊరికి ఉచిత టికెట్ ఉండి ఏం లాభం? పొద్దున వెళ్లిన వారిని సాయంత్రం తిరిగి తెచ్చే బస్సు లేకపోతే అప్పు చేసైనా బండి కొనక తప్పదు. డిపో వారు ముందుగా చూసేది ఎన్ని సీట్లు నిండుతున్నాయన్నదే. రోడ్డు గుంతలు పడినా, తుమ్మకంప అడ్డొచ్చినా బస్సు ఆగిపోతుంది. కనుక కంప కొట్టించడం, గుంతలు పూడ్పించడం పంచాయతీ ముందు చూడాలి. బడికి, ఆస్పత్రికి, సంతకు ఎందరు వెళ్తున్నారో లెక్క రాసి, ఊరంతా సంతకాలు చేసి, డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వాలి. బస్సు వచ్చాక దాన్ని వదిలి ఆటో ఎక్కితే ఆ ట్రిప్పు నాలుగు నాళ్లు కూడా నిలవదు.

మారుమూల పల్లెలకు ఉదయం ఒకటి, చీకటి పడేలోగా ఒకటి, రెండు ట్రిప్పులు నడిపితే ఎన్నో ఇళ్లు అప్పు ఊబిలో దిగకుండా నిలుస్తాయి. అధికారులు ఈ దిశగా ఆలోచించాలి. ఊరివారు కూడా కారు కోసం పొలం కాగితాలు తాకట్టు పెట్టే ముందు, బస్సు కోసం ఒక్క అర్జీ పెట్టి చూడాలి.