నడి సముద్రంలో దీవి ఎలా పుడుతుంది?

పిల్లలూ, అట్లాస్‌లో సముద్రాల మధ్య చిన్న చిన్న చుక్కల్లా దీవులు ఉంటాయి కదా. చుట్టూ నీళ్లే ఉన్నప్పుడు మధ్యలోకి ఆ నేల ఎక్కడి నుంచి వచ్చింది? వాటిలో చాలా దీవులు సముద్రం అడుగున ఉన్న అగ్నిపర్వతాల నుంచి పుట్టినవే. అలా పుడుతుండగా మనుషులు కళ్లారా చూసిన దీవి ఒకటుంది. దాని పేరు సర్ట్‌సే.

1963 నవంబర్ 14. ఐస్‌లాండ్‌కు దక్షిణాన సముద్రంలో ఒక చేపల పడవ ఉంది. పొద్దున్నే దూరంగా నల్లటి పొగ కనిపించింది. ఏదో ఓడ తగలబడుతోందనుకుని పడవలో వాళ్లు అటు వెళ్లారు. తీరా చూస్తే అక్కడ ఓడ లేదు, సముద్రమే పొగలు కక్కుతోంది!

ఎందుకలా జరిగింది? భూమి పైపొర ఒకే ముక్క కాదు. అది పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. ఐస్‌లాండ్ దగ్గర రెండు పలకలు ఏడాదికి సుమారు 2 సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయి. ఆ సందుల్లోంచి కరిగిన రాయి పైకి వస్తుంది. లోపల ఉంటే దాన్ని మాగ్మా అంటారు, బయటికొస్తే లావా.

కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుయ్‌మని ఆవిరి లేస్తుంది కదా? ఇక్కడా అంతే. కాకపోతే చాలా పెద్ద ఎత్తున. మాగ్మాకు నీళ్లు తగలగానే అది పేలి బూడిద అవుతుంది. ఆ బూడిద గుట్టగా పేరుకుంటుంది. అక్కడ సముద్రం లోతు 130 మీటర్లు. మర్నాటికే గుట్ట నీటిపైకి వచ్చేసింది!

అయితే పుట్టగానే సరిపోదు, నిలవాలి కూడా. బూడిద గుట్ట అంటే ఇసుక గూడు లాంటిది, అలలు కొడితే కరిగిపోతుంది. సర్ట్‌సే పక్కనే 1965లో ఇంకో రెండు చిన్న దీవులు లేచాయి. రెండూ కొన్ని నెలల్లోనే కొట్టుకుపోయాయి. మరి సర్ట్‌సే ఎలా బతికింది? 1964లో దాని బిలంలోకి సముద్రపు నీళ్లు రావడం ఆగింది. దాంతో పేలుళ్లు తగ్గి, లావా మెల్లగా పారి, చల్లబడి గట్టి రాయిలా బూడిద మీద కప్పేసింది. ఆ కప్పే దీవిని కాపాడింది.

1967 జూన్‌లో అగ్నిపర్వతం చల్లారింది. తర్వాత గాలికి, అలలకు, పక్షులతో పాటు విత్తనాలు వచ్చి మొక్కలు మొలిచాయి. ప్రకృతి తన పని తాను ఎలా చేసుకుంటుందో చూడటానికి అక్కడికి శాస్త్రవేత్తలను తప్ప ఎవర్నీ రానివ్వరు. అయినా అలలు ఊరుకోవు. 2.7 చదరపు కిలోమీటర్లున్న దీవి ఇప్పుడు దాదాపు సగం అయిపోయింది.

మన దేశంలోనూ ఇలాంటి దీవి ఉంది. అండమాన్‌లోని బ్యారెన్ దీవి. అక్కడ కారణం వేరు, ఒక పలక ఇంకో పలక కిందికి దూరుతోంది. చాలా ఏళ్లు నిద్రపోయిన ఆ అగ్నిపర్వతం 1991లో మళ్లీ లేచింది. పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా ఉంటుంది, అట్లాస్‌లో వెతికి చూడండి!