రెండు గంటలా, ఆరు గంటలా?

"అమ్మా, నాకొద్దీ బంక పట్టీ! బళ్ళో అందరూ నన్ను ఒంటికన్ను రాక్షసి అంటున్నారు."

మా పాపకి అప్పుడు అయిదేళ్ళు. కుడికన్ను బాగానే ఉంది, ఎడమకన్ను మాత్రం బద్ధకిస్తోందన్నారు డాక్టరుగారు. లేజీ ఐ అంటారు దీన్ని. కంట్లో లోపం కంటే, ఆ కంటి నుంచి వచ్చే బొమ్మని మెదడు పట్టించుకోకపోవడమే ఇందులో అసలు గొడవ. అందుకని కళ్ళజోడు రాసి, బాగున్న కన్నుని రోజుకి ఆరు గంటలు పట్టీ వేసి మూసెయ్యమన్నారు. అప్పుడు గత్యంతరం లేక మెదడు రెండోదాన్ని వాడుకుంటుందన్నమాట.

ఆరు గంటలు! అనడం ఎంత తేలికో! అతికించిన పది నిమిషాలకే పీకేసేది. మళ్ళీ వేస్తే ఏడుపు. ఆ చెమటకి చెంప కంది, పొక్కింది. అత్తయ్యగారేమో, "బంగారంలాంటి పిల్లని గుడ్డిదాన్ని చేసి కూచోబెట్టారు కదే" అని కొంగుతో కళ్ళొత్తుకునేవారు. ఓ సాయంత్రం ఓపిక చచ్చి, దాని చేతులు రెండూ గట్టిగా పట్టుకుని అతికించేశాను. అది ఏడవలేదు. నా మొహంలోకి చూసి ఊరుకుంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మావారికి బదిలీ అయ్యాక కొత్త ఊళ్ళో ఓ డాక్టరమ్మకి చూపించాం. ఆవిడ పరీక్ష చేసి, "రెండు గంటలు చాలమ్మా" అనేశారు. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. మరి ఇన్నాళ్ళూ పిల్లని ఏడిపించిందెందుకు? ఇద్దరిలో ఎవర్ని నమ్మడం? అదే అడిగేశాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఇది నా మాట కాదండీ, పోల్చి చూశారు" అన్నారు.

ఎలా పోల్చారో కూడా ఓపిగ్గా చెప్పారు. పిల్లల కంటి వైద్యులు అమెరికాలో జట్టుగా చేసిన పని అది, 2003లో ఫలితాలు అచ్చయ్యాయి. లోపం మధ్యరకంగా ఉన్న ఏడేళ్ళలోపు పిల్లలు 189 మంది. కొందరికి రోజుకి రెండు గంటలు, మిగతావాళ్ళకి ఆరు. ఎవరికి ఏదన్నది డాక్టరు ఇష్టమూ కాదు, తల్లి ఇష్టమూ కాదు, చీటీలు తీసినట్టే. కిటుకంతా అక్కడే ఉంది. డాక్టర్ని ఎంచుకోనిస్తే చూపు బాగా తక్కువున్న పిల్లలకే ఆరు గంటలు రాస్తారు, మనసు కదా! అప్పుడిక తేడా పట్టీదో పిల్లలదో ఎవరు చెప్పగలరు? నాలుగు నెలలయ్యాక చూస్తే, రెండు జట్లవాళ్ళూ అక్షరాల చార్టులో సగటున 2.4 వరసలు అదనంగా చదివారు. అంతకు ముందు ఏడాదే, 419 మంది పిల్లల్లో పట్టీనీ అట్రోపిన్ చుక్కల్నీ పోల్చారు. బాగున్న కంట్లో ఆ చుక్కలు వేస్తే చూపు మసకబారుతుంది, పట్టీ పనే చేస్తుంది. పట్టీతో గుణం కాస్త ముందు కనిపించినా, ఆరు నెలలకి అందరూ దాదాపు ఒక్కచోటికే వచ్చారు.

ఇది చదివి ఎవరూ సొంతంగా పట్టీ తగ్గించెయ్యకండి, మీకు పుణ్యముంటుంది. మా పాపది మధ్యరకం. చూపు మరీ తక్కువున్న పిల్లల లెక్క వేరు. వాళ్ళలో పోల్చింది ఆరు గంటల్నీ, రోజంతా వేసే పట్టీనీ. వాళ్ళకి ఆరు సరిపోయాయి.

పట్టీ ఉన్నప్పుడు ఓ గంట దగ్గరి పని చేయించమన్నారు. ఊరి నుంచి వచ్చిన బియ్యంలో రాళ్ళేరించాను, మల్లెమొగ్గలు లెక్కపెట్టించాను. పని దగ్గరిదైనా దూరందైనా తేడా లేదని 2008లోనే తేలిందట, నాకు తర్వాత తెలిసింది. పోనిద్దురూ, ఆ నాలుగు నెలలూ మా ఇంట్లో ఎవరి పంటికిందా రాయి పడలేదు.

పన్నంటే గుర్తొచ్చింది. మరుసటేడు దానికే పాల దవడపన్ను పుచ్చింది. డ్రిల్లు చప్పుడు వింటే చాలు, కుర్చీ దిగి పారిపోయేది. పళ్ళ డాక్టరు, "నొప్పీ చీమూ లేవు కాబట్టి డ్రిల్లు లేకుండా స్టీలు తొడుగు వేసేద్దాం" అన్నారు. పుచ్చు తియ్యకుండానా? చెత్త ఊడవకుండా పైన చాప పరిచినట్టు లేదూ! ఈసారి కోపం తెచ్చుకోలేదు. "పోల్చి చూశారా అండీ?" అనడిగాను. ఆయన నవ్వారు.

చూశారు. స్కాట్లండులో నార్నా హాల్ అనే పళ్ళ డాక్టరు ఎన్నో ఏళ్ళు వాడిన పద్ధతి అది. డండీ విశ్వవిద్యాలయం వాళ్ళు 132 మంది పిల్లల్ని తీసుకుని, ఒకే నోట్లో రెండేసి పుచ్చుపళ్ళు ఎంచి, ఒకదానికి మామూలు వైద్యం, ఇంకోదానికి ఈ తొడుగు చేశారు. అదే పిల్ల, అవే చాక్లెట్లు, అదే బ్రష్షు. ఇంతకన్నా సమంగా ఉండే జంట ఎక్కడ దొరుకుతుంది! అయిదేళ్ళ తర్వాత నొప్పి, చీములాంటి పెద్ద ఇబ్బందులు మామూలు వైద్యం చేసిన పళ్ళలో నూటికి 16.5, తొడుగు వేసినవాటిలో 3. తిండి అందక లోపలి క్రిములు చతికిలబడతాయన్నమాట.

కళ్ళూ రెండే కదా, అలాగే పోల్చెయ్యొచ్చు అనిపించింది నాకు. అన్నిటికీ కుదరదట. గ్లకోమాకి వాడే టిమోలాల్ చుక్కలు ఓ కంట్లో వేస్తే రక్తంలో కలిసి రెండో కంట్లో ఒత్తిడినీ కాస్త తగ్గిస్తాయి. ఇక పోల్చేదేముంది?

పాప చూపిప్పుడు బాగుంది. మొన్న బీరువా సొరుగులో మిగిలిపోయిన పట్టీల డబ్బా దొరికింది దానికి. వంటింట్లోంచి తొంగిచూస్తే, బొమ్మని ఒళ్ళో పడుకోబెట్టుకుని కంటికి పట్టీ అతికిస్తోంది. బొమ్మ చేతులు రెండూ ఒక చేత్తో గట్టిగా పట్టుకుంది.

"రెండు గంటలే, ఏడవకూ" అంటోంది.