కరువులో కూలి ఇచ్చారు.. బాప్తిస్మం ఆపారు

బకింగ్‌హాం కాలువ గట్టున ఓ సంఘ కాపరుల పాఠం

చెన్నైలో ఎంఆర్‌టీఎస్ రైలెక్కి మైలాపూరు దాటేవాళ్లకు కిటికీలోంచి కింద నల్లటి నీళ్ల కాలువ ఒకటి కనిపిస్తుంది. రైలు మార్గాన్ని మోసే స్తంభాలు ఆ నీళ్లలోనే దిగి ఉంటాయి. ముక్కు మూసుకుని మొహం తిప్పుకునేవాళ్లే ఎక్కువ. అదే బకింగ్‌హాం కాలువ. ఆంధ్ర తీరంలోని పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువతో కలిసి, మద్రాసు మీదుగా మరక్కాణం దాకా 420 కిలోమీటర్లు సాగింది. ఒకప్పుడు తెలుగునాడు బియ్యాన్ని పడవల్లో మద్రాసుకు మోసుకొచ్చిన దారి ఇది.

ఈ కాలువలో కొంత భాగం కరువు కూలీలు తవ్వినది. అందులో ఒంగోలు వైపున ఓ ముక్కకు పాస్టర్లే మేస్త్రీలు. ఆపద వేళ జనాన్ని నడిపించేవాడు ఏం చేయాలి, ఏం చేయకూడదు అన్న ప్రశ్నకు ఆ మట్టి పని దగ్గరే ఓ జవాబు దొరికింది.

ధాత కరువు

1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం. తెలుగువాళ్లు ధాత కరువన్నారు. తమిళులు ఇప్పటికీ ‘తాదు వరుష పంజం’ అంటారు. పేరులో కూడా ఇద్దరిదీ ఒకటే బాధ. బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు, సేలం, ఉత్తర ఆర్కాడు, మైసూరు.. అన్నీ మాడిపోయాయి. 1878 దాకా సాగిన ఈ కరువులో 50 లక్షల మందికి పైగా చనిపోయారని అంచనా.

ప్రభుత్వం సహాయ పనులు పెట్టింది. కానీ ఖర్చు తగ్గించే పనిమీద వచ్చిన రిచర్డ్ టెంపుల్ 1877లో కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కోసేశారు. అంటే అర కిలో కూడా లేని గింజలు. ఎండలో మన్ను మోసే మనిషికి అదేం చాలుతుందని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదురు చెప్పారు.

సర్వేయర్ దొర

ఒంగోలులో అప్పటికి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పదేళ్లుగా ఉన్నారు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో సంఘం మొదలుపెట్టారు. మొదట్లోనే ఆయనకు ఓ గండం ఎదురైంది. అగ్రకులాల పిల్లలు బడికొస్తున్నారు. అటు మాదిగలు బాప్తిస్మం అడుగుతున్నారు. వాళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు వీళ్లు. క్లౌ మాదిగలవైపే నిలబడ్డారు. బడి ఖాళీ అయింది.

మాదిగ పల్లెల్లో సువార్తను నాటింది మాత్రం యర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేసుకుంటూ, రాజయోగ గురువుల దగ్గర కూర్చున్న మనిషి. సంఘంలో చేరేవాళ్లకు మూడు కట్టుబాట్లు.. ఆదివారం పనిచేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చెప్పుకోవడానికి మూడు మాటలే. కానీ ఊరి మామూళ్లన్నీ వాటితో ముడిపడి ఉన్నాయి. జాతరలో డప్పు కొట్టనన్న మాదిగకు కళ్లంలో గింజ దక్కదు. అలా మారడానికి సిద్ధపడినవాళ్ల ఇళ్లకు మాట సాయంగా పేరయ్యలాంటి బోధకులు నిలబడాల్సి వచ్చేది.

కరువొచ్చాక దొర చేసిన పని విచిత్రమైనది. కాలువ తవ్వకంలో సుమారు మూడు మైళ్లు కాంట్రాక్టుకు తీసుకున్నారు. కుర్రతనంలో అమెరికాలో సర్వే పనులు చేసిన అనుభవం అక్కరకొచ్చింది. లాభం చూసుకునే కాంట్రాక్టు కాదది. గట్టున గుడిసెలు లేచాయి. బోధకులు తమ తమ పల్లెల జనాన్ని వెంటబెట్టుకొచ్చారు. బైబిలు పట్టిన చేతులు కొలత కర్రలు పట్టాయి. మన్ను కొలిచేది వాళ్లే, కూలి లెక్క చూసేది వాళ్లే. పనిమీద ఉన్నవాడు మనవాడే అన్న ధైర్యం కూలీలకు దొరికింది. పని ఆగిన వేళ అదే గట్టున కూర్చుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. వాక్యమూ వినేవారు.

‘ఇప్పుడు కాదు’

విన్నవాళ్లలో వందల మంది బాప్తిస్మం ఇమ్మన్నారు. ఏ మిషనరీ అయినా ఎగిరి గంతేసే మాట. క్లౌ ఒప్పుకోలేదు. ఆకలితో ఉన్నవాడు ‘నమ్ముతున్నాను’ అంటే అది నమ్మకమో, గంజి కోసం అన్న మాటో ఎవరికి తెలుస్తుంది? అడిగినవాడికే తెలియకపోవచ్చు. సాయం చేతుల మీదుగా సాగుతున్నంతకాలం బాప్తిస్మాల ఊసే లేదు. పదిహేను నెలలకు పైగా ఒక్కరికీ ఇవ్వలేదు.

1878లో వానలు పడ్డాయి. పనులు ముగిశాయి. ఇక ఇచ్చేదేమీ లేదని బోధకుల ద్వారా పల్లెపల్లెకూ కబురు పంపారు. అయినా జనం వచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర చేరారు. డబ్బు లేదు, పొమ్మన్నా కదల్లేదు. అప్పుడు మొదలైంది. జులై 2న 614 మంది. 3న 2,222 మంది. 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536.

ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి, అలిసినప్పుడు మరో ఇద్దరికి చోటిస్తూ పని పూర్తిచేశారు. కరువులో తమతో మన్ను మోయించినవాళ్లే, తమ కూలి లెక్క సరిగ్గా చూసినవాళ్లే నదిలోనూ చేయి పట్టుకున్నారు.

అసలు పరీక్ష తర్వాతే

ఆ ఏడాది చివరికి సంఘంలో కొత్తగా చేరినవాళ్లు 9,606 మంది. ‘అన్నం కోసం చేరారు’ అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కరువు లేకుంటే ఇంతమంది వచ్చేవారా అన్నది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆకలి ఒక్కటే కారణమైతే గంజి కేంద్రం మూతపడ్డాక రావాల్సిన పని లేదు. ఊళ్లో దొరకని మర్యాద ఇక్కడ దొరుకుతుందన్న ఆశ కూడా వాళ్లను నడిపించింది.

వచ్చినవాళ్లను చూసుకోవడం వచ్చినంత సులువు కాలేదు. అక్షరం రాని వేలమంది, చేతివేళ్ల మీద లెక్కపెట్టే కాపరులు. పెద్ద సంఘాన్ని చిన్న సంఘాలుగా విడగొట్టారు. పల్లె బడులు పెట్టారు. రామాయపట్నం వేదాంత పాఠశాలలో బోధకులకు తర్ఫీదు ఇచ్చారు. క్లౌ 1910లో కన్నుమూశారు.

ఈ కథలో మద్రాసు తెలుగువాళ్లకూ వాటా ఉంది. నెల్లూరులో 1840లో మిషన్ స్థాపించిన శామ్యూల్ డే అంతకు ముందు పనిచేసింది మద్రాసు తెలుగువాళ్ల మధ్యే. క్లౌకు ముందునుంచీ ఉన్న లైమన్ జ్యూయెట్ 1878లో మళ్లీ మద్రాసు చేరి అక్కడి తెలుగు పని అందుకున్నారు.

2020లో లాక్‌డౌన్ వేళ గుళ్లు, చర్చిలు, మసీదులు మూతపడ్డాయి. పొట్టచేత పట్టుకుని సరిహద్దు దాటిన కూలీలు రోడ్డున పడ్డారు. బియ్యం మూట చేతిలో ఉన్న ప్రతివాడి ముందుకూ అదే పాత ప్రశ్న వచ్చింది.. ముందు పేరు అడగాలా, ఆకలి అడగాలా? ఏ మతం పెద్దకైనా అది తప్పదు. 1877లో కాలువ గట్టున ఉన్నవాళ్లు ఆకలే అడిగారు. మిగతాది కడుపు నిండాక మాట్లాడుకుందామన్నారు.

మైలాపూరు దగ్గర రైలు కింద పారే నల్లనీళ్లకు ఆ సంగతేమీ తెలియదు. రోజూ ఆ దారిన పోయే తెలుగువాళ్లు తెలుసుకుంటే చాలు.