ముందు ఇంటికి, తర్వాత సంతకు

ఎకరం రైతు ఇల్లు తన కాళ్ళ మీద తాను నిలబడగలదా?

గౌతమి గట్టున, ఆత్రేయపురం మండలం వాడపల్లిలో ఒక రైతు ఇల్లు ఊహించుకుందాం. ఆ రైతుకు ఉన్నది ఎకరం. అందులో 50 సెంట్లు మెరక. ఇల్లు, కొబ్బరి తోట అక్కడే. మిగతా 50 సెంట్లు కాలువ కింద వరి చేను. ఇంట్లో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. ఈ నలుగురూ కొట్టు మీద పెద్దగా ఆధారపడకుండా బతకగలరా? లెక్క వేసి చూద్దాం.

ఈ లెక్క ఎందుకంటారా? 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుపానులో కోనసీమ కొబ్బరి తోటలు నేల కూలాయి. పొడుగు రకం కొబ్బరి మొక్క నాటితే కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. కొబ్బరి ఒక్కదాన్నే నమ్ముకున్న ఇల్లు అన్నాళ్ళు ఏం తిని బతకాలి? 2011 సార్వాలో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం పాటించారు. తుపాను అయినా, ధర పడిపోవడం అయినా దెబ్బ తగిలేది ఒక్కచోటే. అమ్మితే తప్ప ఇంట్లోకి ఏదీ రాని రైతు ముందుగా అప్పులో పడతాడు. ఇంట్లోకి కావలసింది పెరట్లోనే దొరికే రైతు అదే నష్టాన్ని కొంత తట్టుకుంటాడు.

తిండిగింజల లెక్క

నలుగురికి రోజుకు కిలోన్నర బియ్యం అనుకుందాం. ఏడాదికి దాదాపు 550 కిలోలు. మర ఆడిస్తే ధాన్యంలో మూడింట రెండు వంతులే బియ్యం వస్తుంది. అంటే 75 కిలోల బస్తాలు 11 కావాలి. డెల్టాలో సార్వా బాగా పండితే ఎకరానికి 25 నుంచి 30 బస్తాలు. అర ఎకరంలో 12 నుంచి 15. అంటే సార్వా పంట ఇంటి తిండికి సరిపోతుంది. విత్తనాలకు ఒక బస్తా మిగులుతుంది. దాళ్వా పంట అమ్ముకుని ఖర్చులకు వాడుకోవచ్చు.

చేను సొంతమైతేనే ఈ లెక్క. కౌలు చేనైతే బస్తాలు భూమి యజమానికి కొలవగా మిగిలేది తక్కువ. కౌలు రైతు పరాయి నేలలో చెట్లు కూడా పెట్టలేడు. అలాంటివారు ఇంటి స్థలం మీదే దృష్టి పెట్టాలి. ఆ సంగతి చివర్లో చెబుతాం.

పప్పు కోసం వేరే చేను అక్కర్లేదు. వరి గట్ల మీద కంది పెట్టండి. దాళ్వా కోశాక చేలో పదును ఉంటే పెసర గానీ మినుము గానీ చల్లండి. కాయలు కోసుకున్నాక మొక్కను అక్కడే దున్నేస్తే నేలకు పచ్చిరొట్ట ఎరువు అవుతుంది.

మెరకలో నాలుగంతస్తులు

ఇప్పుడు 50 సెంట్ల మెరకకు వద్దాం. ఇంటికి, వాకిలికి 5 సెంట్లు. కూరగాయలకు 5 సెంట్లు. పశువుల పాకకు, పెంటకుప్పకు 2 సెంట్లు. మిగతా 38 సెంట్లలో 8 మీటర్ల ఎడంతో 24 కొబ్బరి చెట్లు పడతాయి. బాగా చూసుకుంటే చెట్టుకు ఏడాదికి 80 కాయలు అనుకుందాం. మొత్తం 1,900 పైచిలుకు. రోజుకొక కాయ వాడినా, పండగలకూ పబ్బాలకూ కలిపి ఇంటికి 400 చాలు. 1,500 అమ్మకానికి మిగులుతాయి.

అయితే కొబ్బరి చెట్ల మధ్య నేలను ఖాళీగా వదిలేస్తే సగం భూమి పడావు పెట్టినట్టే. కొబ్బరి వేళ్ళు ఎక్కువ భాగం మొదలు చుట్టూ 2 మీటర్ల లోపే ఉంటాయి. అంతమేర వదిలి మిగతా నేలలో వేరే పంటలు వేసుకోవచ్చు. పై అంతస్తు కొబ్బరి. మొవ్వు దాకా పోకుండా చెట్టు మొదలుకు పాకించిన మిరియం రెండోది. దాని కింద అరటి, కోకో మూడోది. నేలలో కంద, పసుపు, చేమ నాలుగోది. కోకోను పదేళ్ళు దాటిన తోటలోనే వేయండి. లేత తోటలో అరటి మంచిది. దొడ్డి మూలల్లో ఒక పనస, ఒక నిమ్మ, ఒక కరివేపాకు చెట్టు ఉండాలి. పనసపొట్టు కూర, కంద బచ్చలి కూర మనకు కొత్త కాదు. వాటిని సంతలో కొనుక్కోవడమే కొత్త.

కేరళ పల్లెల్లోనూ ఇళ్ళ చుట్టూ కొబ్బరి, పోక, మిరియం, పనస, అరటి కలిపి పెంచడం తరతరాలుగా ఉంది. ఒక పంట పోయినా మరొకటి కూరకో, చేతి ఖర్చుకో అక్కరకొస్తుందన్నదే అందులోని సూత్రం.

కూరల మడి

మనిషికి రోజుకు 300 గ్రాముల కూరగాయలు, ఆకుకూరలు కావాలి. నలుగురికి ఏడాదికి 440 కిలోలు. ఎండ బాగా తగిలే 5 సెంట్లు, ఏడాది పొడవునా ఖాళీ లేకుండా ఉంచితే, దీనికి చాలు. మడిని ఆరు చెక్కలు చేయండి. రెండు చెక్కల్లో తోటకూర, గోంగూర, బచ్చలి. రెండింట వంగ, బెండ, మిరప. మిగతా రెండింట పందిళ్ళు వేసి ఆనప, బీర, దొండ, చిక్కుడు. ఒక చెక్క ఖాళీ అయ్యేలోపే మరో నారు సిద్ధంగా ఉండాలి. విత్తనం కోసం ప్రతి రకంలోనూ మంచి కాయ ఒకటి చెట్టు మీదే పండనివ్వండి. సంకర రకం కాకుండా నాటు రకమైతేనే ఆ విత్తనం పనికొస్తుంది.

పాక నుంచి పొయ్యికి, పొయ్యి నుంచి చేనుకు

రెండు గేదెలున్న ఇంట్లో రోజుకు 25 కిలోల పేడ దొరుకుతుంది. ఒక ఘనపు మీటరు గోబర్ గ్యాస్ ప్లాంటుకు అంతే కావాలి. ముగ్గురు నలుగురి వంట దాంతో గడుస్తుంది. ప్లాంటు నుంచి బయటికొచ్చే మడ్డి చెట్లకు మంచి ఎరువు. గ్యాస్ చాలని రోజు కొబ్బరి మట్టలు ఉండనే ఉన్నాయి. చెట్టుకు ఏడాదికి డజను మట్టలు రాలుతాయి. 24 చెట్లకు దాదాపు 290. ఈనెలు చీపుర్లకు, ఆకు పొయ్యిలోకి, డొక్కలు చెట్టు మొదట్లో గుంత తీసి పూడ్చడానికి. పూడ్చిన డొక్క వేసవిలో తేమను పట్టి ఉంచుతుంది.

జీవామృతం కూడా ఇంట్లోనే అవుతుంది. 200 లీటర్ల నీళ్ళలో పేడ 10 కిలోలు, మూత్రం 5 నుంచి 10 లీటర్లు, బెల్లం 2 కిలోలు, పప్పుపిండి 2 కిలోలు, గట్టు మట్టి ఒక గుప్పెడు కలపాలి. నీడలో ఉంచి రోజుకు రెండుసార్లు కర్రతో తిప్పాలి. రెండు రోజులకు తయారవుతుంది. ఇది ఎకరానికి సరిపోతుంది. నాటు ఆవు పేడ, మూత్రం శ్రేష్ఠం అంటారు. మీ ఇంట్లో ఆవు లేకపోతే పక్కింటి వాళ్ళను అడగండి.

ఇల్లు ఎలా ఉండాలి

కోనసీమ మండువా లోగిలి చూడండి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. మధ్యలో ఆకాశం కనిపిస్తుంది. వేడి గాలి పైకి పోతుంది, వాన నీరు నడి వాకిట్లో పడుతుంది. ఈ రోజుల్లో అంత ఇల్లు, అంత టేకు మనలాంటివాళ్ళు పెట్టలేరు. కానీ అందులోని కిటుకులు వాడుకోవచ్చు. ఎదురెదురుగా కిటికీలు, ముందు అరుగు, గోడ మీద ఎండ పడకుండా పొడుగాటి చూరు, శ్లాబు మీద తెల్ల సున్నం. వీటికి పెద్ద ఖర్చు లేదు. ముదిరిన కొబ్బరి, తాటి దూలాలు పాకలకు బాగా పనికొస్తాయి. కేరళలో స్థిరపడిన వాస్తుశిల్పి లారీ బేకర్ (1917–2007) ఇటుకల మధ్య సందు వదిలే కట్టుబడితో గోడకు ఇటుక ఖర్చు తగ్గించి, ఇంటిని చల్లగా ఉంచారు.

కప్పు నీళ్ళను గొట్టంతో తొట్టెలోకి మళ్ళించండి. పొర్లిన నీరు ఇంకుడు గుంతలోకి పోవాలి. స్నానాల నీరు అరటి, చేమ మొదళ్ళకు పోవాలి.

గోదావరి పక్కన ఉన్నాం కనుక వరదను మరవకూడదు. ధవళేశ్వరం దగ్గర 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 2022 జూలైలో 25 లక్షలు దాటింది. ఊళ్ళో పెద్దలను అడిగి 1986 నీరు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకుని, ఇంటి పునాది, గేదెల పాక అంతకన్నా ఎత్తులో కట్టండి. విత్తనాల బస్తా అటక మీదే ఉండాలి. లంకల్లో కూరలు వేసేవారు ఇంటి మడిని మాత్రం గట్టుకు ఇవతలే పెట్టుకోవాలి.

అన్నీ ఇంట్లో దొరకవు

ఉప్పు, మందులు, బట్టలు, బడి ఫీజులు, కరెంటు, ఫోను పెరట్లో పండవు. వంట నూనె కూడా చాలావరకు కొనాల్సిందే. అందుకే కొంత పంట అమ్మి తీరాలి. అమ్మేదాన్ని పచ్చిగా, కారుచౌకగా అమ్మకుండా చూసుకోండి. వాడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి ఏడు శనివారాల మొక్కుతో జనం వస్తారు. మన ఊరి కొబ్బరికాయ, అరటిపండు, పువ్వు, తులసి ఆ శనివారమే చిల్లరగా అమ్ముకోవచ్చు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులనే చూడండి. కుండ బోర్లించి, కింద ఎండు కొబ్బరాకు మంట పెట్టి, బియ్యప్పిండి నీళ్ళతో రేకు తీస్తారు. చెత్త అనుకున్న ఆకు అక్కడ ఆడవాళ్ళకు కూలి సంపాదించి పెడుతోంది.

ఒక మాట కటువుగా చెప్పాలి. ఈ పద్ధతిలో పని ఎక్కువ. నీళ్ళు, పేడ, మడి, కోళ్ళు అన్నీ ఇల్లాలి నెత్తిన వేస్తే ఆరు నెలల్లో పెరడు ఎండిపోతుంది, మనిషీ ఎండిపోతుంది. మగవారు పేడ ఎత్తడం, మడి తవ్వడం తమ పనిగా తీసుకోవాలి. ప్లాంటుకో, సోలార్ పలకలకో సబ్సిడీ ఉందని తొందరపడి అప్పు చేయకండి. మీ వాటా ఎంత, నెలకు ఎంత మిగులుతుంది అని ముందే లెక్క చూసుకోండి.

ఎకరం లేనివారికి

రెండు మూడు సెంట్ల ఇంటి స్థలమే ఉన్నా సరే. ఒక మునగ, ఒక బొప్పాయి, ఒక కరివేపాకు, కప్పు మీదికి ఆనప పాదు, బస్తాల్లో తోటకూర, అయిదు నాటు కోళ్ళు. కూరల ఖర్చు సగం తగ్గినా తగ్గినట్టే.

మొదలు పెట్టడానికి పెట్టుబడి అక్కర్లేదు, ఒక నోటు పుస్తకం చాలు. ఈ నెల కొట్టులో, సంతలో కొన్న ప్రతి వస్తువూ రాయండి. నెలాఖరున, మీ దొడ్లో పండగలిగినవాటి కింద గీత గీయండి. అందులో ఎక్కువ డబ్బు తినేదాన్ని ఒక్కదాన్నే ఎంచుకుని ఈ తొలకరికి మొదలు పెట్టండి. పైరు మెళకువలు, మొక్కల కోసం అంబాజీపేట ఉద్యాన పరిశోధనా కేంద్రాన్ని గానీ, మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని గానీ అడగండి. వచ్చే ఏడాది మళ్ళీ రాయండి. కింద గీతలు ఎన్ని తగ్గితే మీ ఇల్లు అంత గట్టిపడినట్టు.