సంక్రాంతి సెలవులలో నాగార్జునకొండ సందర్శన – జలాశయ గర్భం నుండి కాపాడిన చరిత్ర

(ప్రత్యేక వ్యాసం)

తెలుగువారికి సంక్రాంతి పెద్ద పండుగ. కనుమ నాడు కాకి సైతం కదలదని నానుడి ఉన్నప్పటికీ, పండుగకు స్వగ్రామాలకు చేరిన కుటుంబాలు పిల్లలతో కలిసి సమీపంలోని చారిత్రక స్థలాలను దర్శించి రావడం నేడు పరిపాటి అయినది. పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని నాగార్జునకొండ అట్టి స్థలాలలో ముఖ్యమైనది. ఇక్కడి శిథిలాలు ఒకసారి మునక నుండి కాపాడబడినవి. వాటి అసలు స్థలం నేడు నీటి అడుగున ఉన్నది. కనుక ఇకపై జరిగే ఏ నష్టమూ పూడ్చలేనిది.

ఇక్ష్వాకుల విజయపురి

క్రీ.శ. 3వ శతాబ్దంలో, 4వ శతాబ్దం ఆరంభంలో ఆంధ్రదేశాన్ని ఏలిన ఇక్ష్వాకులకు ఈ లోయలోని విజయపురి రాజధాని. రాజులు వైదిక క్రతువులు ఆచరించగా, రాజకుటుంబపు స్త్రీలు బౌద్ధానికి అండగా నిలిచారు. శాంతమూలుని సోదరి శాంతిశ్రీ మహాచైత్య నిర్మాణానికి తోడ్పడినట్లు, బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కొరకు దానం చేసినట్లు శాసనాలు తెలుపుతున్నవి.

త్రవ్వకాలు – తరలింపు

1926లో శాసన పరిశోధన శాఖకు చెందిన ఎ.రంగస్వామి సరస్వతి ఈ స్థలాన్ని గుర్తించారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్ త్రవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. లోయ యావత్తు మునగనున్నందున, 1954 నుండి 1960 వరకు డాక్టర్ ఆర్.సుబ్రహ్మణ్యం నాయకత్వంలో విస్తృత త్రవ్వకాలు జరిగినవి. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, పలు హిందూ దేవాలయాలు, స్నానఘట్టాలు, ప్రేక్షాగారం వెలుగు చూసినవి. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను కొండపై పునర్నిర్మించారు. 1966లో అచటనే మ్యూజియం ఏర్పాటైనది. 1967లో కాలువలకు నీరు విడుదలైనది. లక్షలాది ఎకరాలకు సాగునీరు లభించినది, కొండ ద్వీపమైనది.

చూడదగినవి

బౌద్ధ విహారాన్ని పోలిన మ్యూజియంలో పలనాటి సున్నపురాయిపై చెక్కిన బుద్ధుని జీవిత ఘట్టాలు, జాతక కథలు, నిలువెత్తు బుద్ధ విగ్రహం ఉన్నవి. మునిగిన లోయ స్వరూపాన్ని తెలిపే నమూనా సైతం కలదు. దీనిని ముందుగా చూచినచో వెలుపలి కట్టడాలు సులభంగా అర్థమగును. ఒడ్డున అనుపు వద్ద పునర్నిర్మించిన ప్రేక్షాగారాన్ని, విహారాన్ని, హారీతి ఆలయాన్ని పడవ ప్రయాణం లేకుండానే చూడవచ్చును.

ప్రయాణికులు గమనించవలసినవి

మ్యూజియంకు శుక్రవారం సెలవు. పండుగ దినాలలో శుక్రవారం వచ్చినచో ప్రయాణాన్ని తదనుగుణంగా నిర్ణయించుకోవలెను. ద్వీపానికి పడవే మార్గం. గాలి, నీటిమట్టం అనుకూలించనప్పుడు పడవలు నిలిపివేయవచ్చు. కాబట్టి బయలుదేరుటకు ముందే విచారించుకొనవలెను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో జరిగిన పర్యాటక బోటు దుర్ఘటన ఎవరూ మరువరానిది. లైఫ్ జాకెట్ ధరించనిదే పడవ ఎక్కరాదు. పరిమితికి మించి ప్రయాణికులను ఎక్కించకుండా రేవు వద్ద అధికారులు లెక్క చూడవలెను. తిరుగు ప్రయాణపు చివరి పడవ వేళను రేవులోను, మ్యూజియం వద్దను తెలుగులో ప్రదర్శించుట మేలు.

చట్టం – బాధ్యత

ప్రాచీన స్మారక కట్టడాలు, పురావస్తు ప్రదేశాలు, అవశేషాల చట్టం 1958లో వచ్చినది. దీని ప్రకారం రక్షిత కట్టడానికి హాని కలిగించినా, దానిని వికృతపరచినా రెండేళ్ల వరకు జైలుశిక్ష, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. 2010 సవరణకు ముందు ఈ శిక్ష మూడు నెలలు, జరిమానా ఐదు వేల రూపాయలు మాత్రమే. అయితే శిక్ష విధించినంత మాత్రాన చెక్కిన పేరు రాతిపై నుండి చెరిగిపోదు. రద్దీ దినాలలో ప్రతి సందర్శకుని వెంట కాపలాదారు ఉండుటయూ సాధ్యం కాదు. అందుచేత టిక్కెట్టు ఇచ్చే చోటనే ఈ విషయాన్ని తెలియజేయుట, పిల్లలకు ఉపాధ్యాయులు ముందుగా వివరించుట అవసరం.

పండుగ ముందు రోజులలో పత్రికలు సందర్శన వేళలను, పడవల సమాచారాన్ని, రక్షణ నియమాలను ప్రచురించినచో ప్రజలకు ఎంతో ఉపయోగకరం. మన ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడుట రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం ప్రకారం ప్రతి పౌరుని ప్రాథమిక విధి.