కొండ దొనలలో కప్పల మరణాలు

కొండలపైని చిన్న నీటి మడుగులలో కప్పలు, వాటి పిల్లలు కొద్ది రోజుల వ్యవధిలో పెద్ద సంఖ్యలో చనిపోవడాన్ని కప్పల సామూహిక మరణం అంటారు. వ్యాధి, నీరు ఎండిపోవడం, విషపదార్థాలు ఇందుకు ముఖ్య కారణాలు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఈ మూడూ ఒకదానితో ఒకటి ముడిపడుతున్నాయి. కనుక ఏ మరణానికి ఏది మూలమో తేల్చడం శాస్త్రజ్ఞులకు కష్టమైన పని. కరవు సీమగా పేరొందిన అనంతపురం పీఠభూమిని ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని ఇక్కడ వివరించడమైనది.

భౌగోళిక స్థితి

పూర్వపు అనంతపురం జిల్లా 2022 ఏప్రిల్ 4న అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విభజించబడినది. ఇక్కడి సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరుతి ఋతుపవనాలను పశ్చిమ కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు తీరం నుండి ఇంత లోపలికి వచ్చేసరికి బలహీనపడతాయి.

గుత్తి, పెనుకొండ, రాయదుర్గం, మడకశిర వంటి చోట్ల రాతికొండలు కలవు. ఇటువంటి కొండలపై బండల నడుమ వాననీరు నిలిచే సహజమైన గుంటను రాయలసీమలో దొన అంటారు. కొన్ని దొనలలో ఏడాది పొడవునా నీరుంటుంది. ఎక్కువ భాగం వాన వెలిసిన కొన్ని వారాలకే ఎండిపోతాయి.

ఇక్కడి కప్పలు

దక్కను పీఠభూమి కప్పలు ఎండకు అలవాటుపడినవి. బోదురు కప్ప వేసవిలో మట్టిలో దాగి ఉండి, తొలకరి పడగానే బయటికి వస్తుంది. ఆ కాలంలో మగ కప్ప ఒళ్ళు పసుపు పచ్చగా మారుతుంది. ఉబ్బిన ఒంటితో బంతిలా కనిపించే మరొక జాతి ఏడాదిలో ఎక్కువ కాలం నేలలోనే గడుపుతుంది. నీటి అంచున ఉండి అలికిడి కాగానే నీటిపై గెంతుతూ పోయే చిన్న కప్ప చెరువులన్నిటా కనిపిస్తుంది. గోదురు కప్ప ఇండ్ల చుట్టూ తిరుగుతుంది. దీని ప్రజాతికి 2006లో భారతీయ శాస్త్రవేత్త సుశీల్ కుమార్ దత్తా పేరిట డట్టాఫ్రైనస్ అని నామకరణం చేశారు.

ఈ జాతులన్నిటికీ కాలంతో పందెమే. గుడ్డు నుండి తోకకప్ప, తోకకప్ప నుండి కప్ప కావడానికి వారాలు పడుతుంది. ఆలోగా దొన ఎండిపోతే ఆ తరం మొత్తం నశిస్తుంది. వానల మధ్య ఎడం పెరగడమే ఇక్కడ అసలు ప్రమాదం. ఒకే రోజు కుండపోత, ఆ తరువాత నెలరోజుల ఎండ అయినప్పుడు వర్షపాతపు లెక్క సరిపోయినా తోకకప్పలు బ్రతకవు.

ఇతర దేశాల అనుభవం

కోస్టారికా దేశంలోని మాంటెవెర్డె కొండ అడవిలో 1987లో పదిహేను వందలకు పైగా బంగారు రంగు గోదురు కప్పలు గుంటల వద్ద కనిపించాయి. ఆ ఏడు గుంటలు ముందే ఎండిపోయి గుడ్లు చాలావరకు నశించాయి. 1989 తరువాత ఆ జాతి ఎవరికీ కనబడలేదు. 1998లో కైట్రిడ్ అనే శిలీంధ్రం కప్పల మరణాలకు కారణమని శాస్త్రజ్ఞులు గుర్తించారు. వేడెక్కడం వల్లనే ఈ తెగులు విజృంభించినదని 2006లో ఒక సిద్ధాంతం వెలువడగా, 2008లో ఇతర శాస్త్రజ్ఞులు దానిని ప్రశ్నించారు. ఈ శిలీంధ్రం వల్ల 501 జాతులు క్షీణించాయని, వాటిలో 90 జాతులు అంతరించి ఉండవచ్చునని 2019లో ఒక పరిశోధన లెక్కగట్టినది. ఉభయచరాలలో 41 శాతం జాతులు ప్రమాదంలో ఉన్నాయని 2023లో వెలువడిన ప్రపంచ సమీక్ష తెలిపినది.

కారణాన్ని గుర్తించడం

కప్ప తన చర్మం ద్వారా నీటిని, లవణాలను గ్రహిస్తుంది. కైట్రిడ్ శిలీంధ్రం చర్మంలోని కెరటిన్ పొరను పట్టుకొని ఆ పనిని చెడగొడుతుంది. నెత్తురులో సోడియం, పొటాషియం తగ్గిపోయి చివరకు గుండె ఆగిపోతుంది. చాలా జాతుల తోకకప్పలకు కెరటిన్ నోటి భాగాలలో మాత్రమే ఉంటుంది. అందువల్ల అవి తెగులు సోకినా బ్రతికి, కప్పలుగా మారిన వెంటనే చనిపోతాయి.

దీనినిబట్టి ఒక తేడా తెలుస్తుంది. నీరు నిండుగా ఉండి, కొత్తగా రూపు మారిన కప్పలు, పెద్ద కప్పలు చనిపోతే తెగులును అనుమానించాలి. అడుగంటిన నీటిలో తోకకప్పలు గుంపుగా చనిపోతే ఎండను అనుమానించాలి. నీరు వేడెక్కితే దానిలో కరిగే ప్రాణవాయువు కూడా తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు ఉండేది 35 డిగ్రీల వద్ద 7కు పడిపోతుంది. పొలాల నుండి మందుల నీరు చేరితే చేపలు, పురుగులు కూడా చనిపోతాయి.

ఈ శిలీంధ్రం 17 నుండి 25 డిగ్రీల మధ్య బాగా పెరుగుతుంది. 28 డిగ్రీలు దాటితే దాని ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. అనంతపురం వేసవి ఎండ దానికి అనుకూలం కాదు. వానకాలపు, చలికాలపు చల్లని నీటి విషయంలో మాత్రం ఆ ధీమా పనికిరాదు.

భారతదేశంలో

మనదేశంలో ఈ శిలీంధ్రం ఉన్నట్లు 2011లో పశ్చిమ కనుమల నుండి తొలిసారి ప్రకటించారు. అయితే ఇతర దేశాలలో జరిగినట్టి భారీ మరణాలు దీనివల్ల ఇక్కడ నమోదు కాలేదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఆసియా రకాలను సైతం గుర్తించగల పరీక్షను రూపొందించారు. పూర్వం కప్పకాళ్ళ ఎగుమతి కోసం లెక్కలేనన్ని కప్పలను పట్టేవారు. 1987లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించినది.

పరిశోధన విధానం

* చనిపోయిన కప్పల జాతి, దశ, సంఖ్య, తేదీ నమోదు చేయాలి.
* నీటి లోతు, ఉష్ణోగ్రత, రంగు చూడాలి. చివరి వాన ఏనాడు పడినదో తెలుసుకోవాలి.
* బ్రతికి ఉన్న కప్ప చర్మాన్ని దూదిపుల్లతో తుడిచి ప్రయోగశాలకు పంపుతారు. అందులో శిలీంధ్రపు డి.ఎన్.ఎ. కొరకు వెదకుతారు.
* ఒక దొన నుండి మరొక దొనకు వెళ్ళే ముందు చెప్పులు, వలలు కడిగి ఆరబెట్టాలి. లేనిచో పరిశోధకుడే తెగులును మోసుకుపోతాడు.
* అదే దొనను ఏటేటా చూడాలి. ఒక్క ఏటి మరణం కరవు వల్ల కావచ్చును. వరుసగా వానలు పడిన ఏండ్లలోనూ బెకబెకలు వినబడకపోతే అది క్షీణతకు గుర్తు.

ప్రాధాన్యత

కప్పలు పురుగులను తిని పైరుకు మేలు చేస్తాయి. పాములకు, కొంగలకు అవి ఆహారం. వానల కోసం కప్పను రోకలికి కట్టి ఇంటింటా తిప్పే కప్పతల్లి వేడుక తెలుగు పల్లెలలో ఉన్నది. ఋగ్వేదం ఏడవ మండలంలో కప్పలపై ఒక సూక్తమే కలదు. వానకు కప్పను పిలుపుగా ఎంచిన ఈ నేలలో, దొనలను పూడ్చకుండా, బండలను క్వారీలకు అప్పగించకుండా, వాటిలో చేపలు వదలకుండా ఉంటే కప్పలకు చాలా మేలు జరుగుతుంది. అమెరికాలోని సియెర్రా నెవాడా కొండ సరస్సులలో వదలిన ట్రౌట్ చేపలు, కైట్రిడ్ తెగులు కలిసి అక్కడి పసుపు కాళ్ళ కప్పను 90 శాతానికి పైగా తావులలో లేకుండా చేశాయి. తెగులును తట్టుకొని నిలిచిన కప్పలను యోసెమిటీ సరస్సులలో తిరిగి విడువగా వాటి సంతతి నిలదొక్కుకొన్నదని 2024లో వెల్లడైనది.

ఇవి కూడా చూడండి

* కప్ప
* ఉభయచరాలు
* అనంతపురం జిల్లా
* రాయలసీమ